రెండు మార్కుల ప్రశ్న

అంకీసా దాటాక, గోదారి ఇసక గాలి కొట్టే బడి.
నాలుగు తరగతులకీ నేనొక్కదాన్నే.
పిల్లలు నన్ను బాయీ అంటారు.
మరాఠీలో బాయి అంటే పంతులమ్మ.
వాళ్ళ ఇళ్ళల్లో బాయి అంటే
చేద వేసి నీళ్ళు తోడుకునేది.
రెండూ నేనే అనుకుంటాను, ఎండాకాలం తప్ప.

ఆ యేడు కప్పు కారి
భాష పుస్తకాలు సగం ఉబ్బి అంటుకుపోయాయి.
పొడిగా మిగిలింది పరిసర్ పుస్తకం.
సరే, చదవడం కూడా ఇందులోనే నేర్పుదామని
పట్టుపురుగు పాఠం తెరిచాను.
వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివించి
చివర ఆగి అడిగేదాన్ని:
ఎవరు? ఎక్కడ? నీకెట్లా తెలుసు?

గుడ్డు దగ్గర అందరూ నాతో ఉన్నారు.
పురుగు దగ్గర నాకంటే ముందున్నారు.
మద్దాకు ఏ అంచు నుంచి కొరుకుతుందో,
ఎన్నిసార్లు తోలు విడుస్తుందో,
కాకుల్ని తోలడానికి అడవిలో ఎవరి నాయన ఎన్నాళ్ళు పడుకున్నాడో
పుస్తకానికి తెలియనివన్నీ చెప్పారు.

గూడు దాకా వచ్చాం.
'కోశాతూన్ పతంగ్ బాహేర్ యేతో.'
దుర్గం వంశీ ఎక్కడా తడబడకుండా చదివాడు.
శభాష్ అన్నాను. బొమ్మ గీయమన్నాను.
గీశాడు:
గూడు చీల్చుకుని పైకి లేస్తున్న
నాలుగు మూలల గాలిపటం,
తోకతో సహా.

ఎవరూ నవ్వలేదు.
మిగతా నోటుబుక్కుల్లోనూ గాలిపటాలే.
తప్పుల్లేకుండా చదివితే చదివినట్టేనని
ఇన్నేళ్ళు సంతకాలు పెట్టానే,
రిజిస్టరు నిండా.

"మరి దారం ఎక్కడిది?" అడిగాను.
"గూట్లకెల్లే బాయీ. గూడంటేనే దారం గద."
కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇక్కడ పతంగ్ అంటే రెక్కల పురుగని
బోర్డు మీద రాస్తుంటే
వెనక నుంచి లేచింది గోమాస ప్రణాలి.
"రాదు బాయీ. మా ఇంట్ల గూట్లకెల్లి ఏదీ రాదు.
అమ్మ సోడా ఏసి ఉడకబెడతది.
లోపల నల్లగ, ముడుసుకొని ఉంటది.
కోళ్ళు తింటయ్."

గది కాసేపు వాన చప్పుడు విన్నది.
పాఠంలో ఆ వాక్యం లేదు.
వెనక అట్ట దాకా తిప్పి చూశాను.

మర్నాడు, విత్తనానికి దాచిన దండలోంచి
ఒక గూడు తెంపి తెచ్చింది, అమ్మనడిగి.
కాడతో సహా, కోడిగుడ్డంత, బూడిద రంగు.
బోర్డు మేకుకి వేలాడదీశాం.
రోజూ దాని మీద ఒక్క వాక్యం రాయాలి.
'ఇయ్యాల ఏం కాలే.'
'ఇయ్యాల గుడ ఏం కాలే.'
'వంశీ ఊపి చూసిండు. బాయి తిట్టింది.'
మాటలు తెలుగు, అక్షరాలు నాగరి.
అమ్మ మాటకి అక్షరం ఎట్లా ఉంటుందో
ఎవరూ చూపలేదు వాళ్ళకి. నేనూ చూపలేదు.

పదోనాడు పొద్దున తాళం తీసేసరికి
బోర్డు మీద రెక్కలు.
రెక్కకో గాజు కిటికీ.
నిన్నటి తేదీలో ఒక అంకె
ఆ కిటికీలోంచి కనిపించింది.
"ఏం తింటది బాయీ?"
ఏమీ తినదు, దీనికి తినే నోరుండదు అన్నాను.
"మరెట్ల చెప్తది?" అంది ప్రణాలి.
ఏం చెప్పాలని నేను అడగలేదు.

పరీక్షలో అదే ప్రశ్న, రెండు మార్కులకి:
కోశంలోంచి ఏం బయటికొస్తుంది?
తుమచ్యా శబ్దాంత్ లిహా. నీ మాటల్లో రాయి.
నిజంగానే తన మాటల్లో రాసింది:
'ఉడకబెడితే దారం. ఉంచితే పతంగ్.
ఉంచుడు, సేటుకు ఎంత బాకీ ఉన్నమో దాన్ని బట్టి.'

కేంద్రప్రముఖ్ ఆ కాగితం అటూ ఇటూ తిప్పాడు.
ఇది భాషలో సున్నానా, పరిసర్‌లో రెండా అన్నాడు.
టీ చల్లారుతోంది, తాగండన్నాను.

చిల్లు పడ్డ గూడు ఎవరూ కొనరు,
దారం ఎక్కడికక్కడ తెగుతుంది.
అది నా సుద్దముక్కల డబ్బాలో ఉంది.
డబ్బా తీసినప్పుడల్లా
లోపల ఎండిన తోలు
చిన్నగా చప్పుడు చేస్తుంది.